వెట్టి మోత, సాయం మోత

పాడేరు, చింతపల్లి, అరకు కొండల మీద రోడ్డు లేని ఊరికి ఎప్పుడైనా వెళితే ఏదో ఒక ఇంటి చూరు కింద పొడవాటి కర్ర ఒకటి కనిపిస్తుంది. బాగా ముదిరిన వెదురు, లేకపోతే నున్నగా చెక్కిన గట్టి కొయ్య. మధ్యలో తాళ్ళు ఒరుసుకున్న గుర్తులు, రెండు చివర్లా భుజం ఆనే చోట నల్లటి నునుపు. ఎవరిది అని అడిగితే ఊరిది అంటారు. దానికి దుప్పటి కట్టినా, చీర కట్టినా, తాళ్ళతో కుర్చీ వేలాడదీసినా డోలీ అవుతుంది. నొప్పులు పడుతున్న ఆడమనిషి, మలేరియా జ్వరంతో లేవలేని ముసలాయన, పాము కరిచిన పిల్లవాడు అందరూ దాని మీదే కొండ దిగారు. కొందరు నడిచి తిరిగొచ్చారు. కొందరిని అదే డోలీలో శవాలుగా తెచ్చుకున్నాం.

మన పిల్లలకు చెప్పే చరిత్ర పాఠంలో విల్లు ఉంది, బాణం ఉంది. ఈ కర్ర లేదు.

అది లేదన్న సంగతి మాకు కూడా ఒక పిల్లవాడు చెప్పేదాకా తట్టలేదు. కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్లలను ఇతరులకు సేవ చేసినవారి గురించి పది వాక్యాలు రాయమన్నాం. చాలామంది మదర్ థెరిసా గురించి రాశారు, కొందరు ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి రాశారు. నైటింగేల్ గురించి రాసిన ఒక కుర్రాడి తండ్రి ఆ ముందు రాత్రే పక్క ఊరి గర్భిణిని మోసుకెళ్ళి, తెల్లవారాక ఇంటికి వచ్చి, భుజానికి వేడి నీళ్ళ కాపడం పెట్టించుకుంటున్నాడు. మీ నాన్న గురించి ఎందుకు రాయలేదురా అని అడిగాం. "అది సేవ కాదు కదా మాస్టారూ, మోత" అన్నాడు.

ఆ జవాబు తప్పని కొట్టెయ్యలేకపోయాం. మోత అనే మాటకు మన కొండల్లో పాత చరిత్ర ఉంది. ఒకే కర్ర మీద మన తాతలు రెండు రకాల బరువు మోశారు. ఒకటి వెట్టి, రెండోది సాయం. రెండింటికీ కూలి లేదు. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తేడా ఎక్కడుందో మనం చెప్పుకోకపోతే, ఇంకొకరు తమకు వీలైనట్టు చెబుతారు.

ముందు వెట్టి సంగతి. 1839లో 24వ నంబరు చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కిందనుంచి తీసి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి ఆయన చేతికి ఇచ్చారు. మనం ఇప్పటికీ అనే ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. కింద గూడెం, రంప లాంటి చోట్ల ముఠాలు ఉండేవి. కొన్ని ఊళ్ళు కలిపితే ఒక ముఠా, దాని మీద ఒక ముఠాదారు. ఆయన సర్కారుకు కట్టుబడి కట్టాలి, ఊళ్ళ దగ్గర వసూలు చేసుకోవాలి. వసూలు డబ్బుతో ఆగేది కాదు. ముఠాదారు పొలంలో పని, ఇంటి పని, పైనుంచి దొరలు వస్తే వాళ్ళ గుడారాలు, పెట్టెలు, వంట సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడం, నడవలేని చోట దొరనే మోయడం, ఇదంతా ఊరి మీద పడేది. మన ముసలివాళ్ళ మాటల్లో దొర రాక అంటే పండగ కాదు. సామాను మోసే వయసున్న మగవాళ్ళు ముందే అడవిలోకి జారుకునేవారట.

అప్పు మీద వెట్టి ఇంకొకటి. దానికి మన వైపు గొత్తి అని పేరు. పెళ్ళికో, చావుకో కొంచెం డబ్బు తీసుకుని, తీర్చలేక, అప్పిచ్చినవాడి ఇంట్లో ఏళ్ళ తరబడి పని చేయడం. తండ్రి తీర్చలేకపోతే కొడుకు వెళ్ళేవాడు. దీన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీకి ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ చేయాల్సి వచ్చిందంటే అది ఎంత పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు.

1922 ఫితూరీ గురించి మన పిల్లలకు బాగా తెలుసు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టి తుపాకులు తీసుకెళ్ళిన కథ ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. ఆ కథ తుపాకులతో మొదలు కాలేదు. 1882 అడవి చట్టం తరవాత పోడు కొట్టుకోనివ్వకపోవడం ఒక కారణం, రోడ్డు పని ఇంకో కారణం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడానికి మనవాళ్ళను పట్టుకొచ్చి, ఇవ్వాల్సిన కూలి ఇవ్వకుండా రాళ్ళు మోయించాడు. గాం గంటం దొర, గాం మల్లుదొర అన్నదమ్ములు అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన కారణాల్లో ఆ తహసీల్దారుతో వచ్చిన తగాదా కూడా ఉంది. (మల్లుదొర తరవాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.) ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఫితూరీలో చేరినవాళ్ళలో అధికారం పోగొట్టుకున్న ముఠాదారులు, మునసబులు కూడా ఉన్నారు. నిన్నటిదాకా ఊళ్ళ దగ్గర వెట్టి తీసుకున్న కుటుంబాలు, సర్కారు వెట్టి తమ మీదికి వచ్చాక ఊళ్ళతో కలిశాయి. చరిత్ర అంత శుభ్రంగా ఉండదు.

ఆ రోడ్డు గురించి ఆలోచిస్తే మాకు ఒకటే అనిపిస్తుంది. అప్పుడు ఆ రోడ్డు మనవాళ్ళు అడిగింది కాదు, మనవాళ్ళ చేత వేయించారు. ఇప్పుడు మనం అడుగుతున్నాం, వేయడానికి డెబ్బై ఐదేళ్ళు చాలలేదు.

ఫితూరీ నడిచిన ఆ రెండేళ్ళూ సాయం కూడా నేరమైంది. కొండల్లో తిరిగే దండుకు అన్నం పెట్టింది, దారి చూపింది, పోలీసులు వస్తున్నారని కబురు చేర్చింది ఊళ్ళే. మలబారు పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. ఆ ఏడాది మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చేశారు. ఆయన పేరు జిల్లాకు పెట్టుకున్నాం, మంచిదే. కుండలో ఉన్న చోడి పిండి తీసి అంబలి కాచి పెట్టిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఏ పాఠంలోనూ చెప్పుకోవడం లేదు.

ఇక కాగితం మీద వెట్టి ఎలా పోయిందో త్వరగా చెప్పుకుందాం. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరీని నిషేధించింది. 1969లో ముఠాలు రద్దు చేసి రైత్వారీ కిందికి తెస్తూ రెగ్యులేషన్ వచ్చింది. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టంలో దేశంలోని వెట్టి పద్ధతుల పేర్ల జాబితా ఒకటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల మధ్య మన వెట్టి, పాలేరు అనే మాటలు కనిపిస్తాయి. డి.ఎడ్ చదివే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు, మన మాట చట్టం దాకా వెళ్ళిందని కొంచెం సంబరం, వెళ్ళింది ఈ మాటా అని కొంచెం సిగ్గు, రెండూ కలిగాయి. సాయం అన్న మాట మాత్రం ఏ చట్టంలోకీ ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరమూ రాలేదు. దాని చట్టం దానికే ఉంది.

ఆ చట్టం ఎలాంటిదో మా ఊళ్ళలో చూసింది చెబుతాం. పోడులో తుప్పలు కొట్టాలన్నా, వరి నాటాలన్నా, గడ్డి ఇల్లు కప్పాలన్నా ఇంటికి ఒక మనిషి చొప్పున వస్తారు. ఇవాళ మీ చేను, రేపు మా చేను. కూలి లేదు. ఇంటివాళ్ళు అంబలి పోయాలి, సాయంత్రం ఉన్నంతలో అన్నం పెట్టాలి, జీలుగు కల్లు ఉంటే తలా కొంచెం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఎవరూ రాసుకోరు కానీ అందరికీ గుర్తుంటుంది. మగదిక్కు లేని ఇంటి నుంచి ఒక ముసలమ్మ వచ్చి గట్టు మీద కూర్చుని పిల్లలను చూసుకున్నా ఆ ఇంటి మనిషి వచ్చినట్టే లెక్క.

చావు వస్తే లెక్క వేరు. కబురు అందగానే ఇంటికి ఇన్ని బియ్యం, ఇన్ని కట్టెలు చేరతాయి. చచ్చిపోయినవాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కవాళ్ళు వండి తెస్తారు. ఎండాకాలంలో గడ్డి ఇళ్ళు అంటుకుంటే ఒక్క గంటలో వీధి వీధంతా బూడిదవుతుంది. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెదుళ్ళు, గడ్డి మోపులు, గిన్నెలు, పాత బట్టలు వస్తాయి. విత్తనం కాలిపోయిన ఇంటికి చోడి విత్తనం ఇవ్వడం అన్నిటికంటే పెద్ద సాయం. తిండి గింజ ఇస్తే ఆ పూట గడుస్తుంది, విత్తనం ఇస్తే ఆ ఏడు గడుస్తుంది. ఇచ్చినవాళ్ళు తిరిగి అడగరు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక కొలిచినదానికి కొంచెం ఎక్కువే తెచ్చి ఇస్తారు.

డోలీకి ఇంకా ఎక్కువ పద్ధతి ఉంది. మోసేవాళ్ళు ఇద్దరే కనిపిస్తారు కానీ, దూరం వెళ్ళాలంటే కనీసం ఎనిమిది మంది కావాలి. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు పక్కన నడుస్తారు, భుజం మార్చుకోవడానికి. ఎత్తు సమానంగా ఉన్నవాళ్ళను జతగా పెడతారు, లేకపోతే బరువంతా పొట్టివాడి మీద పడుతుంది. దిగుడులో ముందున్నవాడికి కష్టం, ఎక్కుడులో వెనకున్నవాడికి. ఒకరు ముందు నడుస్తూ కొమ్మలు పక్కకు తీస్తారు, రాత్రయితే టార్చి పడతారు. గెడ్డ పొంగి ఉంటే పొడుగువాళ్ళు ముందు దిగి లోతు చూస్తారు. ఒక కుర్రాడు అందరికంటే ముందు పరుగున వెళ్ళి సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి 108కి ఫోన్ చేయాలి. రోగి పక్కనే ఒకరిద్దరు ఆడవాళ్ళు నడుస్తారు, నీళ్ళు, గుడ్డలు, బ్లేడు పట్టుకుని. దారిలోనే కాన్పు అయితే మగవాళ్ళు డోలీ దించి అటు తిరిగి నిలబడతారు. పక్క ఊరు దాటుతుంటే ఆ ఊరి కుర్రాళ్ళు అడగకుండానే వచ్చి భుజం కింద భుజం పెడతారు. వాళ్ళ ఊరి పొలిమేర దాకా మోత వాళ్ళది.

దీన్ని దయ అనడం మాకు సరిపోయినట్టు అనిపించదు. దయలో ఇచ్చేవాడు ఒకడు, తీసుకునేవాడు ఒకడు ఎప్పటికీ అలాగే ఉండిపోతారు. ఇక్కడ ఇవాళ మోసినవాడు రేపు అదే దుప్పటిలో పడుకుంటాడు. వెట్టిలో దొర ఎన్నడూ మనల్ని మోయలేదు. తేడా అంతా అక్కడే ఉంది. కూలి లేకపోవడంలో లేదు.

అలాగని మన సాయాన్ని ఆకాశానికి ఎత్తేస్తే అబద్ధమవుతుంది. చిల్లంగి పెట్టిందని ఊరు అనుమానించిన ముసలమ్మకు జ్వరం వస్తే ఎవరి భుజమూ దొరకని రోజులు మేము చూశాం. మనలో మనకే ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఒక తెగ ఇంట్లో ఇంకో తెగ అన్నం తినదు, అందుకని ఒకరి చావుకు ఒకరు వంట తీసుకెళ్ళరు, బియ్యం మాత్రం ఇచ్చి వస్తారు. తాగి వచ్చి మోతకు పనికిరాకుండా పోయేవాళ్ళూ ఉన్నారు. అన్నిటికంటే, సాయం లెక్కలో ఆడవాళ్ళ పని ఎప్పుడూ సగమే పడుతుంది. పదిమందికి అంబలి కాచినవాళ్ళు పనికి వచ్చినవాళ్ళ లెక్కలో ఉండరు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో మాట కొండ ఎక్కింది: శ్రమదానం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. 1956లో దేశం మొత్తం మీద 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు పెట్టారు, వాటి పని ఎలా ఉందో చూడడానికి తరవాత వెరియర్ ఎల్విన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ రోజుల్లో ఊళ్ళకు వచ్చిన ఉద్యోగులు రండి, శ్రమదానం చేయండి, మీ రోడ్డు మీరే వేసుకోండి అన్నారు. మా తాతల తరం వాళ్ళు చెప్పిన దాని ప్రకారం, ఊరి పెద్ద లేచి ఒక్క ప్రశ్న అడిగాడట: ఇది వెట్టా, సాయమా? సాయమైతే మీరూ ఒక గంప ఎత్తండి అన్నాడట. ఆ ఉద్యోగి నవ్వి చొక్కా చేతులు మడిచి నిజంగానే గంప ఎత్తాడని కొందరు అంటారు, జీపెక్కి వెళ్ళిపోయాడని కొందరు అంటారు. ఏది జరిగినా ప్రశ్న మాత్రం సరైనదే.

తరవాత వచ్చిన మార్పుల్లో రెండు చెప్పాలి. 2006లో ఉపాధి హామీ పని వచ్చింది. ఆకలి రోజుల్లో అది ఎంత ఆదుకుందో మనకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం లేదు. కాని రోజుకు ఇంత అని ధర తెలిసిన తరవాత, ఊరికే వచ్చి గట్టు వేయమంటే కుర్రాళ్ళు ఒక్క క్షణం ఆగుతున్నారు. తప్పు పట్టలేం. సెల్ రీచార్జికి ఎవరూ సాయం రారు. రెండోది, 2019 ఆగస్టు నుంచి కొన్నేళ్ళు వాలంటీరు అంటే నెలకు గౌరవ వేతనం తీసుకుని పింఛను ఇంటికి తెచ్చే మనిషి. అందులో మన పిల్లలు చాలామంది పని చేశారు, కొండలెక్కి ముసలివాళ్ళ చేతికి డబ్బు అందించారు. ఇప్పుడు తరగతిలో వాలంటీరు అంటే స్వచ్ఛందంగా చేసేవాడు అని చెబితే, జీతం లేకుండానా మాస్టారూ అని పిల్లలు అడుగుతున్నారు.

మా అసలు బాధ వేరే ఉంది. ప్రతి వానాకాలం డోలీ ఫొటో పేపర్లో వస్తుంది. గెడ్డలో నడుము లోతు నీళ్ళు, పైన కర్ర, దుప్పటిలో గర్భిణి. కింద మానవత్వం చాటుకున్న గిరిజనులు అని రాస్తారు. ఒక సమావేశంలో ఒక పెద్ద అధికారి, మీ గిరిజనులను చూసి మేము పరస్పర సహకారం నేర్చుకోవాలి అని చాలాసేపు మెచ్చుకున్నాడు. మేమూ చప్పట్లు కొట్టాం. బయటికి వచ్చాక ఒక ముసలాయన, ఆ అధికారి మెచ్చుకున్న కొద్దీ మన రోడ్డు వెనక్కి పోతున్నట్టుంది అన్నాడు. నవ్వుకున్నాం గాని ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అంబులెన్సు వచ్చే చోట కూడా పక్కింటి మనిషి తోడు వెళితే అది సాయం. అంబులెన్సు రాదని ముందే తెలిసి, తరం వెంట తరం మోస్తూనే ఉండాలంటే, కాదనే వీలు ఎవరికీ లేదంటే, మన సాయాన్ని ఎవరో వెట్టిగా వాడుకుంటున్నట్టే.

ఈ తేడా కుర్రాళ్ళకు తెలుస్తోంది. 2020లో సాలూరు మండలం కొండల మీది ఊళ్ళవాళ్ళు ఇంటింటికీ డబ్బు పోగేసుకుని తామే రోడ్డు వేసుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. 2025 ఏప్రిల్‌లో అడవి తల్లి బాట పేరుతో ప్రభుత్వం కొండ ఊళ్ళ రోడ్లకు పని మొదలుపెట్టింది. కొన్ని చోట్ల బైకు అంబులెన్సులు తిరుగుతున్నాయి, గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టారు. ఇంట్లో చిన్నపిల్లలను, చేలో పంటను వదిలి అక్కడికి వెళ్ళి కూర్చోవడం అందరికీ కుదరదు, అయినా వెళ్ళినవాళ్ళు బతికి బిడ్డతో తిరిగొస్తున్నారు. రోడ్డు వచ్చిన ఊళ్ళో కర్ర అటక ఎక్కింది. రోడ్డు వచ్చాక సాయం పోతుందేమో అని దిగులు పడేవాళ్ళు మనలో ఉన్నారు. మాకు ఆ దిగులు లేదు. రోడ్డు పక్క ఊళ్ళలో కూడా చావుకు బియ్యం వస్తూనే ఉన్నాయి, ఆస్పత్రిలో రక్తం కావాలంటే కుర్రాళ్ళు బళ్ళెక్కి దిగుతూనే ఉన్నారు.

వెట్టి గురించి చట్టాలు ఉన్నాయి, రిపోర్టులు ఉన్నాయి. సాయం గురించి రాత లేదు. అందుకని ఆ కుర్రాడు మోత అన్న తరవాతి వారం మేము తరగతిలో ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాం. ఎవరి ఊళ్ళో ఎవరు ఎవరిని ఎక్కడి నుంచి ఎక్కడికి మోశారు, ఏ రోజు, ఎంతసేపు పట్టింది, ఏమైంది, ఇంట్లో అడిగి రాయమన్నాం. తేదీలు తెలియకపోతే పండగ గుర్తు రాయమన్నాం: ఇటికల పండగకు ముందు, కొత్తల తరవాత, పెద్ద వరద వచ్చిన ఏడు అని. మొదట్లో రెండు మూడు రాతలే వచ్చాయి. తరవాత తాతలు పిల్లలను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన తాను చిన్నప్పుడు ఫారెస్టు బంగళాకు మోసిన పెట్టెల సంగతి కూడా చెప్పాడు. అది ఏ గడిలో రాయాలో తెలియక పిల్లలు అడిగారు. వెట్టి అని ఇంకో పేజీ తెరిచాం.

పుస్తకం సగం నిండాక ఆరో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. వాళ్ళమ్మను మోసిన ఎనిమిది మంది పేర్లూ రాసుకొచ్చింది. దారిలో కాన్పు చేసిన నానమ్మ పేరు మోసినవాళ్ళు అన్న గడిలో పట్టడం లేదని చెప్పింది. స్కేలు తీసుకుని పక్కన ఇంకో గీత గీశాం. ఆ గడికి ఏం పేరు పెట్టాలో తరగతిలో చాలాసేపు తేలలేదు. చివరికి ఆ అమ్మాయే "నడిచినవాళ్ళు" అని రాసింది.